లెక్క వచ్చింది.. అణువే అర్థం కాలేదు

మరుగుతున్న నీటిలో పైకి లేచే బుడగల్లో ఏముంటుంది? ఓస్‌బోర్న్, కాస్‌గ్రోవ్ అనే పరిశోధకులు న్యూజిలాండ్‌లో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను ఈ ప్రశ్న అడిగారు. ‘హైడ్రోజన్, ఆక్సిజన్’ అని చెప్పినవారిలో పై తరగతుల వారూ ఉన్నట్లు 1983లో వెలువడిన వారి పరిశోధన తెలిపింది. నిజానికి ఆ బుడగల్లో ఉండేది నీటి ఆవిరే. డిగ్రీలో రసాయన శాస్త్రం చదివిన ఈ విలేకరి సైతం చాలాకాలం హైడ్రోజన్ అనే నమ్మాడు! చదువు లేనివారు ఈ పొరపాటు చేయరు. హెచ్2ఓ అని వల్లె వేసినవారే చేస్తారు.

అమెరికాలో నరెన్‌బర్న్, పికరింగ్ 1987లో ప్రచురించిన పరిశోధన మరింత ఆలోచింపజేస్తుంది. వాయు నియమాల లెక్కలు చేయగలిగిన కళాశాల విద్యార్థులే, అణువులను చుక్కలుగా చూపే ప్రశ్నల వద్ద తడబడ్డారు. ఉక్కు ట్యాంకులోని హైడ్రోజన్‌ను 20 డిగ్రీల నుంచి మైనస్ 20 డిగ్రీలకు చల్లబరిస్తే అణువులు ఎలా పరచుకొని ఉంటాయన్నది అందులో ఒకటి. హైడ్రోజన్ ద్రవంగా మారేది సుమారు మైనస్ 253 డిగ్రీల వద్ద. కనుక చుక్కలు మునుపటిలాగే ట్యాంకంతటా పరచుకొని ఉండాలి. సూత్రం తెలిసినంత మాత్రాన ఈ సంగతి స్ఫురించదు.

మన ఎంసెట్ సంగతేమిటి? ఇప్పుడు ఈఏపీసెట్‌గా పిలుస్తున్న ఈ పరీక్షలో 3 గంటల్లో 160 ప్రశ్నలు. ఇంజినీరింగ్ విభాగంలో రసాయన శాస్త్రానివి 40. ప్రశ్నకు నిమిషం పైచిలుకు సమయంలో అణువును ఊహించుకునే తీరికెక్కడిది? ప్రయోగ పరీక్షలు దగ్గర పడ్డాకే ల్యాబు తాళం తీసే కళాశాలలూ ఉన్నాయి. సాల్టు పేరు ముందే చెవిన పడితే ఇక విశ్లేషించేదేముంది?

గ్లాస్గో విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ జాన్‌స్టోన్ 1991లో దీని మూలాన్ని వివరించారు. గ్లాసులో కరిగే ఉప్పు కంటికి కనిపిస్తుంది, అందులోని అయాన్లు కనిపించవు, బోర్డుపై ఉండేది ఎన్ఏసీఎల్ అనే సంకేతం. ఈ మూడింటినీ ఒకేసారి మోపితే కొత్త విద్యార్థి మెదడు మోయలేదన్నారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పల్లె విద్యార్థికి నాలుగో బరువు భాషది. ‘సంయోజకత’ తెలిసినా ‘వేలెన్సీ’ అనగానే బిక్కమొగం వేస్తాడు. మార్కులు తగ్గితే తనకు సైన్సు అబ్బదనుకుని మరో గ్రూపు వెతుక్కుంటాడు.

దీనికి కొత్త ల్యాబుల కోసం ఎదురుచూడనక్కర లేదు. సమీకరణం రాయించే ముందు అణువుల బొమ్మ గీయించాలి. నలుగురేసి విద్యార్థులను కూర్చోబెట్టి, ఎవరి బొమ్మ సరైనదో తెలుగులోనే వాదించుకోనివ్వాలి. ఇంగ్లిష్ పదం ఆ తరువాత చెప్పవచ్చు. ఇందుకు పట్టేది వారానికి ఒక పీరియడ్. సిలబస్ పూర్తి కాదని అధ్యాపకులు అనవచ్చు. ఇప్పుడు పూర్తవుతున్నదాంట్లో ఎంత అర్థమైందో ఆ బుడగల ప్రశ్న అడిగి చూస్తే తెలిసిపోతుంది.