కురాను బోధయు విడాకుల ధర్మమును

2024 వ సంవత్సరము జూలై 10 వ తేదీని, తెలంగాణమునుండి వచ్చిన యొక మనోవర్తి వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు వెలువరించిన తీర్పు పాఠకులకు జ్ఞాపకముండియే యుండును. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ తక్కిన స్త్రీలవలెనే నేరవిచారణ స్మృతి 125 వ సెక్షను ననుసరించి మనోవర్తి కోరవచ్చునని జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ గారలు నిర్ణయించిరి. ఆ తీర్పు షరియతునకు విరుద్ధమని అఖిలభారత ముస్లిం పర్సనల్ లా బోర్డువారు కొలది దినములలోనే తీర్మానించిరి. ఇట్టి వివాదము లేచినప్పుడెల్ల, స్త్రీకి అన్యాయము చేయుచున్నది ఆ మతగ్రంథమే యని కేకలు వేయువారును మనలో కలరు. ఇరువురును పేర్కొనునది కురానునే. కాని ఆ గ్రంథమెట్లు పుట్టినది, ఈ విషయమున నిజముగా నేమి చెప్పినది యని విచారించువారు మాత్రము అల్పసంఖ్యాకులు.

మహమ్మదు ప్రవక్త సుమారు 570 లో మక్కా నగరమున జన్మించెను. 610 ప్రాంతమున, ఆ నగరమునకు సమీపమునందలి హిరా గుహలో ధ్యానమగ్నుడై యుండగా తొలి ప్రబోధము కలిగినదని ముస్లిముల విశ్వాసము. నాటినుండి 632 లో ఆయన కాలధర్మము నొందువఱకు ఇంచుమించు 23 సంవత్సరములు విడతలు విడతలుగా వెలువడిన వాక్కుల సముదాయమే కురాను. ఇందు 114 సూరాలు కలవు. మక్కాలో వెలువడినవి దేవుని యేకత్వమును, తీర్పుదినమును, ధనగర్వము వలని పతనమును చాటుచుండును. 622 లో ప్రవక్త మదీనాకు తరలిన తరువాత వెలువడినవానిలో వివాహము, దాయభాగము, యుద్ధము, సంధి మున్నగు సంఘవ్యవహారములు మిక్కుటముగా కనుపించును. అయితే గ్రంథము కాలక్రమమున కూర్పబడలేదు. పీఠికవంటి మొదటి సూరా తరువాత స్థూలముగా దీర్ఘమైనవి ముందును, హ్రస్వమైనవి వెనుకను ఉంచబడినవి. ఏ వాక్యము ఏ సందర్భమున పుట్టినదో ఎఱుగక ఒక్కదానిని పెఱికి చూపుట యెంత ప్రమాదకరమో దీనినిబట్టియే తెలియగలదు.

ప్రవక్త జీవితకాలమున ఈ వాక్కులు ముఖ్యముగా కంఠస్థములై యుండెను. కొన్ని తోలుముక్కలమీదను, ఎముకలమీదను, ఖర్జూరపు మట్టలమీదను వ్రాయబడెను. యమామా యుద్ధమున కంఠపాఠకులు పెక్కుమంది మరణింపగా, మొదటి ఖలీఫా అబూబక్రు ఆజ్ఞచే జైద్ ఇబ్న్ సాబిత్ వానిని సేకరించెననియు, 650 ప్రాంతమున మూడవ ఖలీఫా ఉస్మాను ఏకపాఠమును నిర్ణయించి ముఖ్యనగరములకు ప్రతులు పంపెననియు సంప్రదాయము చెప్పుచున్నది. పరిశోధకులకు లభించిన సాక్ష్యములును గమనింపదగినవి. బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమునందలి రెండు చర్మపత్రముల చర్మము 568-645 మధ్యకాలపుదని పరీక్షలో తేలినట్లు 2015 లో ప్రకటించిరి. ఆ కాలనిర్ణయము చర్మమునకే గాని సిరాకు గాదు. అయినను గ్రంథపాఠము ఎంత ప్రాచీనమో ఊహించుటకది చాలును. 1972 లో యెమెనులోని సనా మసీదున దొరకిన ప్రతులలో నొకదాని యడుగున, చెరిపివేయబడిన పూర్వలేఖనము బయల్పడినది. అందు కొన్ని పదములును, సూరాల వరుసయు నేటి పాఠమునకు భిన్నముగ నున్నవి. ఉస్మాను పాఠమును స్థిరపఱచుట యేల యవసరమైనదో దానివలన బోధపడుచున్నది.

ఇక విడాకుల ధర్మమునకు వత్తము. నాటి అరేబియాలో ఆడుశిశువును సజీవముగా పూడ్చు దురాచారము కలదు. కురాను దానిని ఘోరముగా గర్హించినది. స్త్రీకి దాయభాగమున వాటా విధించినది. ఆ వాటా సోదరుని వాటాలో సగమే యని నేటి సమత్వదృష్టితో ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణ యసంగతము కాదు. కాని వాటాయే లేనిచోట వాటా కల్పించుటయు చరిత్రలో చిన్న విషయము కాదు. దంపతులకు విరోధము పొడసూపినచో ఇరువైపుల బంధువులనుండి చెరియొక మధ్యవర్తిని నియమింపుమని 4 వ సూరా బోధించుచున్నది. విడాకులైన స్త్రీ మూడు ఋతుకాలములు వేచియుండవలెననియు, ఉంచుకొన్నను విడిచిపెట్టినను మర్యాదగనే చేయవలెననియు 2 వ సూరా విధించుచున్నది. విడువబడిన స్త్రీలకు తగిన యేర్పాటు చేయుట భక్తిపరుల విధియని చెప్పునదియు నా సూరాయే. గడువు ముగియకమున్ను వారిని ఇల్లు వెడలగొట్టరాదని 65 వ సూరా శాసించుచున్నది. వీనిలో ఎచ్చటను ఒక్క గుక్కలో ముమ్మారు తలాఖని పలికి భార్యను వీధిపాలు చేయుమని లేదు.

మఱి ఆ యాచారమెట్లు వచ్చినది? అది తరువాతి న్యాయశాస్త్రమున స్థిరపడినది. హనఫీ న్యాయవేత్తలు దానిని పాపమనుచునే, చెల్లునని యొప్పుకొనిరి. పాపమైన దానికి ఫలము మాత్రము స్త్రీ యనుభవింపవలసి వచ్చినది! ముస్లిం దేశములే దీనిని సవరించుకొన్నవి. 1929 లో ఈజిప్టు శాసనము అట్టి ముమ్మారు పలుకును ఒక్కటిగనే లెక్కించినది. 1961 లో పాకిస్తాను, నోటీసును, తొంబది దినముల గడువును, రాజీ ప్రయత్నమును విధించినది.

మన దేశమున త్రోవ వంకరగ నడచినది. 1985 లో షాబానో వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు కురాను వాక్యములను స్వయముగా వ్యాఖ్యానించి మనోవర్తి నిప్పించిరి. ఆందోళన చెలరేగగా 1986 లో పార్లమెంటు వేఱు శాసనము చేసినది. గడువులోపల భర్త చేయవలసిన యేర్పాటు ఆమె భవిష్యజ్జీవితమునకును చాలవలెనని 2001 లో సుప్రీంకోర్టు ఆ శాసనమునకు అర్థము చెప్పినది. 2017 ఆగస్టు 22 వ తేదీని అయిదుగురు న్యాయమూర్తులు ముగ్గురిద్దరుగా చీలి ముమ్మారు తలాఖును కొట్టివేసిరి. ఆ ముగ్గురిలోను, కురానునకు విరుద్ధమైనది షరియతు కాజాలదని యొకరును, రాజ్యాంగమునందలి 14 వ అధికరణమునకు విరుద్ధమని యిద్దరును చెప్పిరి. 2019 నాటి శాసనము ఆ పలుకు పలికిన భర్తకు మూడేండ్లవఱకు చెఱ విధించినది. చెల్లని పలుకునకు చెఱ యేల, చెఱలోని భర్త మనోవర్తి యెట్లిచ్చును అను ప్రశ్నలకు సంతృప్తికరమగు సమాధానము మాకు గోచరింపలేదు.

మా యభిప్రాయము స్పష్టము. స్త్రీకి పౌరహక్కు నిచ్చునది రాజ్యాంగము. దానికొఱకు ఏ మతగ్రంథముయొక్క యనుమతియు నక్కఱలేదు. 2024 తీర్పు సామాన్యశాసనమును ఆధారము చేసికొనుట అందువలననే యుచితము. గ్రంథార్థమును చర్చించు నధికారము మొదట ఆ మతస్థులది. వారిలోను, దాని ఫలమనుభవించు స్త్రీలది. ఆచారమును గ్రంథమని చెప్పి కాపాడ జూచు పెద్దలును, ఆచారమును చూపి గ్రంథమును దూషించు పరులును ఒకే పొరపాటు చేయుచున్నారు. ఇరువురును గ్రంథమును విప్పుట లేదు.

తెలుగువారికి ఆ సాకును లేదు. ఆంధ్రభాషాచరిత్రము రచించిన చిలుకూరి నారాయణరావుగారు గత శతాబ్ది పూర్వార్ధముననే కురానును తెనిగించిరి. పొరుగువాని గ్రంథమును చదువుట ఆ మతమున చేరుట కాదు. పొరుగువానిని గూర్చి అబద్ధము నమ్మకుండుట. ముస్లిం సంప్రదాయము ననుసరించి ఆ గ్రంథమున తొలుత వెలువడిన మాటయే చదువుమనునది. ఆ యాజ్ఞను మన్నించుటకు హిందువునకుగాని ముస్లిమునకుగాని అభ్యంతరమేమి యుండును?