చిట్టా బహిరంగము - అప్పు గోప్యము

2024 జూలై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కచేరిలో నిప్పంటుకొని భూముల దస్త్రములనేకము దగ్ధమైన సంగతిని మన రైతులు మఱచియుండరు. ఒకేచోట, ఒకే ప్రతిగా నుండు దస్త్రమునకు రక్షణ యెంతమాత్రమో దానివలన తేటపడినది.

ఇట్టి యాపదకు మందుగా బ్లాక్‌చెయిను అను లెక్కల పద్ధతిని కొందఱు సూచించుచున్నారు. 2009లో బిట్‌కాయినుతో వ్యాప్తికి వచ్చిన యీ పద్ధతిలో చిట్టా ప్రతులు పెక్కుచోట్ల నుండును. ప్రతి పుటయందును వెనుకటి పుట గుర్తు నిలుచును. ఒక యంకెను దిద్దినచో తరువాతి పుటలు పొసగక మోసము బయటపడును. 2017లో మన రాష్ట్ర ప్రభుత్వము భూమి రికార్డులయందు దీనిని ప్రయోగింప బూనుకొనెను.

అందఱు చూచు చిట్టాలో మా యప్పును నందఱు చూతురా యని రైతు లడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. బిట్‌కాయిను చిట్టాలో పేరుండదు, సంఖ్యయే యుండును. కాని యా సంఖ్య ఫలానివానిదని తెలిసెనా, వాని పూర్వవ్యవహారమంతయు వీధిలో పెట్టినట్లే. ఈ కొఱత దీర్చుటకు 2016లో జీక్యాష్ వెలసెను. అందు మఱుగు మార్గమున్నను బహుకాలము అధికభాగము వ్యవహారములు బహిరంగముగనే నడచినవి. కావున జనులకు గోప్యత యక్కఱలేదని కొందఱందురు. మేమంగీకరింపము. ఆ మార్గము మొదట శ్రమతో గూడినది. పెక్కు వ్యాపారస్థలములు దానిని ఆదరింపలేదు. త్రోవ ఇరుకని వెనుదిరిగినవానికి ఊరు చేరు కోరికయే లేదనవచ్చునా?

తిరుమల హుండీని చూడుడు. ఎవరెంత వేసిరో యెవరికిని తెలియదు. పరకామణిలో లెక్కించిన మొత్తమును దేవస్థానమువారు ప్రకటింతురు. మన సంఘములకును ఇదియే తగిన మార్గము. ఆడిటు నివేదిక, మొత్తము బాకీలు, పాలకవర్గమువారు తీసికొన్న యప్పులు మహాసభలో చదువవలెను. సామాన్య సభ్యుడు కూతురి పెండ్లికి కుదువపెట్టిన నగల సంగతి పొరుగువారికేల?

పేర్లు చాటనిచో బినామీ యప్పులు పెరుగునని యాక్షేపింతురు. ప్రతి సభ్యునికిని తన పేరనున్న బాకీని ఏటేట వ్రాతమూలముగ తెలిపినచో, తానెఱుగని యప్పును మొదట పట్టువాడు అతడే.

63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోని కెక్కించుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించినది. సోదర రైతులారా! ఏ లెక్క యెవరు చూడవలెనో ముందుగనే మహాసభలో తీర్మానింపుడు. చెఱపరాని చిట్టాలో వ్రాసిన పిదప విచారించి ఫలములేదు.