ద్రాక్షపండ్ల అడ – తాటి తాండ్ర



దావీదు దేవుని మందసమును తెచ్చిన దినమున జనులకు పంచిపెట్టిన వాటిలో ద్రాక్షపండ్ల అడ కూడ ఉన్నదని 2 సమూయేలు 6వ అధ్యాయములో చదువుతాము. అడ అంటే ఏమిటని మా సంఘములోని యౌవనస్థులను అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. వారిని ఏమనగలము? మన పత్తి చేలలో, మిరప చేలలో ద్రాక్షతోటలు ఎక్కడివి? ఎండుద్రాక్ష అంటే మనకు కొట్టువాడు పొట్లము కట్టి ఇచ్చే కిస్‌మిస్సే. రవ్వలడ్డుకు ఒకటి అద్దితే పండుగ వచ్చినట్టు.

అడ అంటే ఎండిన పండ్లను ముద్దగా నొక్కి చేసిన బిళ్ళ. దాదాపు నాలుగు కిలోల ద్రాక్ష ఎండితే ఒక కిలో అవుతుంది. మోయడానికి తేలిక, చాలా కాలము చెడదు. అందుకే అబీగయీలు దావీదు మనుష్యులకు నూరు ఎండుద్రాక్ష గెలలు గాడిదల మీద పంపగలిగింది. మూడు దినములు తిండి నీళ్ళు లేక పొలములో పడియున్న ఐగుప్తీయునికి అంజూరపు అడ ముక్క, రెండు ద్రాక్షగెలలు పెట్టగానే ప్రాణము తెప్పరిల్లింది (1 సమూయేలు 30). ద్రాక్షలోని చక్కెర త్వరగా ఒంటబడుతుంది. వడదెబ్బ తగిలినవానికి మన ఇళ్ళలో బెల్లపు పానకము ఇచ్చినట్టే.

వేగులవారు ద్రాక్షగెలను దండెమీద మోసుకొని వచ్చిన ఎష్కోలు లోయ హెబ్రోను ప్రాంతములోనిదే. అక్కడ నేటికీ ద్రాక్ష పండిస్తున్నారు. అక్కడివారు ఎక్కువమంది ముస్లిములు గనుక పండ్ల రసమును పులియబెట్టరు. చిక్కగా కాచి పాకము చేసుకుంటారు. దానిని దిబ్స్ అంటారు. అదే రసములో రవ్వ వేసి ఉడికించి, గుడ్డల మీద పలుచగా పరచి ఎండబెడితే మల్బన్. మన మాటలో చెప్పాలంటే ద్రాక్ష తాండ్ర!

ఇది తెలిసినప్పుడు మాకు మా నాయనమ్మ తాటి తాండ్ర జ్ఞాపకము వచ్చింది. అక్కడ ద్రాక్ష పండే ఆగస్టు, సెప్టెంబరు నెలలలోనే ఇక్కడ తాటిపండ్లు రాలుతాయి. తెల్లవారకముందే వెళ్ళి ఏరుకొని రావాలి, లేకుంటే వేరొకరి పాలు. పీచు నుండి గుజ్జు పిసికి తీయడానికి చేతులు పడిపోయేవి. చాప మీద ఒక పూత పూసి, అది ఎండితే మరొక పూత. ఆ నెలలలో మబ్బు పట్టితే పిల్లలమందరము చాప నాలుగు మూలలు పట్టుకొని లోపలికి పరుగు. చాపకు అంటుకున్న అంచులు మాత్రము మావే. ఆ అంచుల కోసము కొట్టుకున్నాము కూడ! ఇప్పుడు ఆ తాటిచెట్లు చాలావరకు పోయాయి. ఉన్నచోట కూలికి పోయే తల్లికి పది దినములు చాప కాచే తీరిక లేదు.

క్రిస్మసు అరిసెలు మాత్రము మానలేదు. పగలంతా పత్తి తీసి వచ్చిన స్త్రీలు రాత్రి పిండి దంచి, పాకము పట్టి, నలుగురు కూడి అరిసెలు వత్తేవారు. తెల్లవారి ఆ పళ్ళెము ఊరిలోకి తీసుకొని వెళ్ళే పని పిల్లలది. కొన్ని ఇళ్ళలో ఆప్యాయముగా అందుకొనేవారు. కొన్ని ఇళ్ళలో అరుగు మీద పెట్టి పొమ్మనేవారు. అవి గొడ్లకు వేశారని తరువాత తెలిసేది. మా అమ్మకు ఆ మాట చెప్పేవారము కాము. దావీదు పంచినప్పుడు స్త్రీలకు పురుషులకు అందరికి ఒకే పాలు అని గ్రంథము చెబుతుంది. ఎవరి చేతి వంట అని అడిగినవారు ఉన్నారో లేదో చెప్పలేదు.

మొన్నటి క్రిస్మసుకు మా ఇంటావిడ అదే వీధికి పళ్ళెము తీసుకొని వెళ్ళింది. ఒక పెద్దావిడ గడపలోకి పిలిచి, నిలబడియుండగానే అరిసె తుంచి నోట వేసుకొని, "పాకం కొంచెం ముదిరిందమ్మాయ్" అన్నదట. మా ఇంటావిడ ఆ మాటను వీధివీధికి చెప్పి నవ్వింది.