ఏ ప్రతిరక్షకం? ఏ ప్రోటీనుకు?

జెబెల్ అలీలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించవచ్చు. రేవులో పనిచేసే తండ్రి 2021లో సైనోఫార్మ్ టీకా వేయించుకున్నాడు. తల్లికి ఫైజర్ టీకా అందింది. గుంటూరులోని నాయనమ్మకు కోవాగ్జిన్, ఆమె వద్ద చదువుకుంటున్న పదమూడేళ్ళ మనుమడికి 2022లో కోర్బెవాక్స్ పడ్డాయి. నలుగురూ రక్తపరీక్ష చేయించుకొని, ప్రతిరక్షకాల అంకె ఎవరికి పెద్దదిగా ఉన్నదో చూచుకుంటే ఆ పోలిక చాలవరకు నిరర్థకం. పెద్ద అంకె వచ్చిన నాయనమ్మ ఇక బూస్టరు అక్కరలేదనుకుంటే అది నిరర్థకమే కాదు, ప్రమాదం.

కోవిడ్ పరీక్షలు ముఖ్యంగా రెండు ప్రోటీనులను ఎరగా వాడుతాయి. మొదటిది వైరస్ పైన ముళ్ళవలె నిలిచే స్పైక్. దీనిలోని ఒక చిన్న భాగమే మానవకణంపైనున్న ఏసీఈ-2 గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ భాగాన్ని పట్టుకొన్న ప్రతిరక్షకం, తాళపు రంధ్రంలో పుల్ల విరిచిపెట్టినట్లు, ప్రవేశాన్ని అడ్డగించగలదు. రెండవది న్యూక్లియోకాప్సిడ్. ఇది వైరస్ లోపల ఆర్.ఎన్.ఏ.ను చుట్టుకొని ఉంటుంది. చెక్కుచెదరని వైరస్‌లో ప్రతిరక్షకానికి చిక్కదు. కనుక దీని ప్రతిరక్షకం దొంగ వచ్చిన జాడ చెప్పే సాక్షి గాని, వాకిట కావలివాడు కాదు.

సాక్షికీ విలువ ఉన్నది. మెర్స్ వైరస్‌ను మనుషులలో గుర్తించినది 2012లో. ఎమిరేట్స్‌లో 2003లోనే సేకరించి దాచిన ఒంటెల రక్తంలో ఆ వైరస్ స్పైక్‌ను పట్టుకొనే ప్రతిరక్షకాలు ఉన్నట్లు 2014లో వెల్లడైనది.

ఇక ప్రతిరక్షకాల రకాలు. ఐజీఎం అణువుకు పది పట్టుచేతులు. ఒక్కొక్క పట్టు బలహీనమే. అయినా ఉత్తరేణి గింజలు చీర అంచుకు అంటుకున్నట్లు అన్నీ కలిసి వదలవు. ఐజీజీకి రెండే చేతులు. కాని వారాలు, నెలలు గడిచేకొద్దీ వాటి ఆకృతి, విద్యుదావేశాలు ప్రోటీనుకు మరింత చక్కగా అమరి పట్టు బిగుస్తుంది. ఐజీఏ ముక్కు, నోటి పొరలలో పనిచేస్తుంది. చేతి నరంలో తీసిన రక్తం అక్కడి సంగతి సరిగా చెప్పదు. ముందు ఐజీఎం, తరువాత ఐజీజీ అన్నది పాఠ్యపుస్తకాల క్రమం. కోవిడ్‌లో రెండూ తరచు రెండు మూడు వారాలలో ఇంచుమించు కలిసే కనిపించాయి. అందువలన ఐజీఎంను చూచి జబ్బు సోకిన తేదీ కట్టడం సాహసమే.

ఆ నలుగురి విషయానికి వస్తే, ఫైజర్, కోర్బెవాక్స్‌లు స్పైక్‌నో, దానిలో భాగాన్నో మాత్రమే పరిచయం చేస్తాయి. తల్లి రక్తంలో న్యూక్లియోకాప్సిడ్ ప్రతిరక్షకం కనిపిస్తే ఆమెకు వైరస్ సోకినట్లే అనుకోవచ్చు. సైనోఫార్మ్, కోవాగ్జిన్‌లు చంపిన పూర్తి వైరస్‌లు. అదే ప్రతిరక్షకం తండ్రికీ నాయనమ్మకూ జబ్బు రాకుండానే పుట్టవచ్చు. కోవాగ్జిన్, కోర్బెవాక్స్ రెండూ హైదరాబాదు సంస్థలవే అయినా, రక్తంలో అవి వ్రాసే కథలు వేరు.

టీకా తరువాతి రక్షణను కొలవడానికి ఈ పరీక్షలు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 మేలో సూచించింది. పరీక్ష జరిపితే మాత్రం ఏ ప్రోటీను, ఏ రకం ప్రతిరక్షకం, ఏ కొలమానం అన్న మూడింటినీ నివేదికలో స్పష్టంగా అచ్చువేయాలి. సామాన్యులకు ఇవి అర్థం కావనడం కుంటిసాకు. చక్కెర పరీక్ష పరగడుపున చేసినదా, భోజనం తరువాతనా అని అడగని తెలుగు ఇల్లు ఎక్కడున్నది? నాయనమ్మ బూస్టరు సంగతి ఆమె వయస్సును, ఉన్న జబ్బులను, గత టీకా తేదీని చూచి వైద్యుడు నిర్ణయించవలసినది.