దుప్పి కనబడకపోయినా అడవి కనబడుతుంది

టీవీలో జంతువుల ఛానల్ పెడితే చాలు, పిల్లలు అక్కడి నుంచి కదలరు. గడ్డిలో సింహం పొంచి ఉంటుంది. మంద నది దాటుతుంటుంది. మొసలి నోరు తెరుస్తుంది. సరిగ్గా అప్పుడే ప్రకటనలొస్తాయి. ఆ విరామంలో పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే: 'మనం అక్కడికి ఎప్పుడెళదాం?' వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ ఈ ప్రశ్న ముదురుతుంది. నాన్న పేపర్లో తల దాచుకుంటాడు. అమ్మకు వంటింట్లో పని గుర్తొస్తుంది.

ఆఫ్రికా సఫారీ అంటే కోటీశ్వరుల వ్యవహారమని మన అభిప్రాయం. పూర్తిగా అలా కాదు. కెన్యా, టాంజానియా, బోట్స్వానాల్లో 'బడ్జెట్ క్యాంపింగ్ సఫారీ'లు చాలానే ఉన్నాయి. కొంతమందిని కలిపి ఒకే బండిలో ఎక్కిస్తారు. హోటలు గదికి బదులు గుడారం. చాలా వాటిలో ఎవరి గుడారం వాళ్లే వేసుకోవాలి, తెల్లారగానే విప్పి మడతపెట్టుకోవాలి. వంటవాడు వెంట వస్తాడు కానీ కూరగాయలు తరగడానికీ గిన్నెలు కడగడానికీ అందరూ తలో చెయ్యీ వెయ్యాలి. సెరెంగెటిలో సెరొనెరా దగ్గరున్న సామాన్య క్యాంపుల చుట్టూ కంచె కూడా ఉండదు. రాత్రి సింహగర్జన వింటూ పడుకోవాల్సిందే. తిండి వస్తువులు గుడారంలో పెట్టుకోకూడదు, చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి రాకూడదు. ఇవే అక్కడి మొదటి సూత్రాలు.

అయినా మన మధ్యతరగతి జేబుకు అది చవకేం కాదు. కెన్యాలోని మసాయి మారాలో విదేశీ పర్యాటకులు చెల్లించాల్సిన ప్రవేశ రుసుమే పెద్దవాళ్లకు తలకు రోజుకు 100 డాలర్లు. 2024 నుంచి జులై - డిసెంబరు నెలల్లో అది 200 డాలర్లయింది. విమానం టిక్కెట్టు, ప్రయాణ అనుమతి ఖర్చు, తిండి, బండి అన్నీ దీనికి అదనం. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న ధ్రువపత్రం దగ్గర లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. నలుగురున్న కుటుంబం లెక్క వేసుకుంటే ఆ సొమ్ముతో అమ్మాయి ఇంజినీరింగు ఫీజు కట్టేయొచ్చనిపిస్తుంది.

మరి అడవి చూడాలన్న కోరిక? దానికి సముద్రాలు దాటక్కర్లేదు. భద్రాచలం రామయ్యను చూసొచ్చేవాళ్లలో ఎక్కువమంది అడవి మధ్యలోంచే వెళ్లొస్తారు. బస్సులో నిద్రపోతూ వెళ్తారు, అంతే.

గుడికి వెళ్లే దారిలోనే...

కొత్తగూడెం రైల్వేస్టేషన్ పేరే 'భద్రాచలం రోడ్'. అక్కడ దిగి పాల్వంచ చేరుకుంటే, ఇంకో పది పన్నెండు కిలోమీటర్లలో కిన్నెరసాని. విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' చదివినవాళ్లకు ఈ వాగు కొత్త కాదు. మనసు విరిగిన ఇల్లాలు వాగై పారిన కథ అది. ఆ వాగుకు కట్టిన డ్యామే కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లందిస్తుంది. మన ఇళ్లలో వెలిగే దీపాలకూ ఈ అడవికీ ఉన్న చుట్టరికం అది.

ఈ జలాశయం చుట్టూ ఉన్న 635 చదరపు కిలోమీటర్ల అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. అప్పట్లో ఖమ్మం జిల్లా. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. సెరెంగెటి జాతీయ పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. అంటే కిన్నెరసానిలాంటివి ఇరవై మూడు అందులో పడతాయి. పోలికకు నిలవదు, నిజమే. కానీ మనది అనుకోవడానికి ఇది చాలు.

డ్యామ్ దగ్గర జింకల పార్కు, అద్దాల మేడ ఉన్నాయి. చాలామంది ఆదివారం పూట ఈ రెండూ చూసి, పులిహోర తిని, ఆకులు అక్కడే పడేసి 'అడవి చూసొచ్చాం' అంటారు. పార్కులో కనబడేవి కంచెలోపలి జింకలు. అసలు అడవి దాని అవతల మొదలవుతుంది. చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, అడవిపంది, ఎలుగుబంటి, కొండముచ్చు, అడవిదున్న ఈ ప్రాంతపు పాత కాపులు. జలాశయంలో మొసళ్లున్నాయి. కాబట్టి నీళ్లు నిదానంగా కనిపించాయని పిల్లల్ని దింపి స్నానాలు చేయించకండి.

గడ్డి దేశం వేరు, వెదురు దేశం వేరు

టీవీ చూసి బయల్దేరిన పిల్లలకు ముందే ఒక మాట చెప్పాలి. ఆఫ్రికా సవన్నాలో ప్రధానంగా ఉండేది గడ్డి. అక్కడక్కడా గొడుగుల్లాంటి తుమ్మచెట్లు. చూపు ఆనినంత మేరా మైదానమే. ఆ గడ్డి మేసేందుకే పది లక్షలకు పైగా విల్డెబీస్ట్‌లు మందలుగా తిరుగుతాయి. దాక్కునే చోటు తక్కువ, జంతువులెక్కువ. అందుకే జీపు ఆపిన చోటల్లా ఏదో ఒకటి కనబడుతుంది.

మనది టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు కలిసిన అడవి. ఇరవై అడుగుల దూరంలో కణితి నిలబడి మనల్ని చూస్తున్నా మనకు తెలియదు. పైగా ఇక్కడి జంతువులకు మనిషంటే తరాల నాటి భయం. వేట నిషేధం వచ్చి యాభై ఏళ్లు దాటినా ఉచ్చులూ కరెంటు తీగలూ పూర్తిగా పోలేదు. ఆ సంగతి మనకన్నా దుప్పికి బాగా తెలుసు.

కాబట్టి ఇక్కడ అడవిని చూడటం కన్నా చదవడం నేర్చుకోవాలి. వాగు ఒడ్డు తడి ఇసుక రాత్రి జరిగిన సంగతులన్నీ రాసిపెట్టిన పలక. రెండు గిట్టల గుర్తు చిన్నగా, సన్నగా ఉంటే దుప్పి. అదే పెద్దదైతే కణితి. మనిషి అరికాలిలా ఉండి, ముందు పొడవాటి గోళ్ల గీతలుంటే ఎలుగు. చెదల పుట్టకు గుంత తవ్వి ఉంటే అదీ ఎలుగు పనే. మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని పేడలో ఇప్పపూల తొక్కు కనబడుతుంది. చెట్టు మీంచి కొండముచ్చు ఒక్కసారిగా గుర్రుమని అరిచినా, కణితి గంట కొట్టినట్టు కూసినా మాటలాపేయండి. చిరుతలాంటిదేదో ఆ దగ్గర్లో కదిలిందని అవి ఊరంతటికీ చెబుతున్నాయన్నమాట.

సూర్యుడు రాక ముందు గంట, వచ్చాక రెండు గంటలు, సాయంత్రం మళ్లీ చివరి గంట. చూడగలిగిన సమయం ఇంతే. ఎండాకాలం నీటి గుంటలు తగ్గిపోతాయి కాబట్టి ఉన్న నీటి దగ్గరికే అన్నీ రావాలి. తెల్ల చొక్కాలు, సెంట్లు, సెల్‌ఫోన్ పాటలు ఇంటి దగ్గరే వదిలేస్తే సగం పని అయినట్టే.

గుడారం ఎక్కడ వెయ్యాలి?

ఇక అసలు ప్రశ్న. ఆఫ్రికాలోలాగా మనమూ టెంటు పట్టుకుపోయి అభయారణ్యంలో రాత్రి పడుకోవచ్చా? మన ఇష్టానుసారం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అడుగు పెట్టడానికే అనుమతి కావాలి. లోపల నిప్పు రాజెయ్యడం నేరం. 'చలిమంట లేని క్యాంపేమిటి?' అనే కుర్రాళ్లకు ఇది నచ్చదు. కానీ మార్చి నెలలో ఎండుటాకు మోకాలి లోతున పేరుకున్న టేకు అడవిలో ఒక్క నిప్పురవ్వ చేసే పని ఊహించండి. నేలమీద గూడు పెట్టే పక్షులు, తాబేళ్లు, అప్పుడే మొలిచిన చెట్లు తెల్లారేసరికి బూడిదే.

కాబట్టి అనుమతి ఉన్న చోటే బస చెయ్యాలి. పాల్వంచ, కొత్తగూడెం, భద్రాచలం ఊళ్లలో లాడ్జీలున్నాయి. అక్కడుండి చీకటితోనే బయల్దేరవచ్చు. ఏ దారి తెరిచి ఉందో, పడవ నడుస్తోందో లేదో అటవీశాఖ వారిని ముందే అడిగి తెలుసుకోండి. జీపు అద్దె నలుగురికి బరువు గానీ రెండు కుటుంబాలు కలిస్తే తేలిక.

గుడారం సరదా కూడా తీరాలంటే భద్రాచలం నుంచి చింతూరు మీదుగా రాజమండ్రి వెళ్లే ఘాట్ రోడ్డులో మారేడుమిల్లి ఉంది. ఆంధ్రప్రదేశ్ వైపు. అక్కడ వాగు పక్కన 'జంగిల్ స్టార్' అనే విడిది ఉంది. అటవీశాఖ, స్థానిక వన సంరక్షణ సమితి కలిసి 2000ల్లో మొదలుపెట్టిన పద్ధతి అది. వంట చేసేవాళ్లు, దారి చూపేవాళ్లు ఆ చుట్టుపక్కల గిరిజనులు. బొంగులో చికెన్ హైదరాబాద్ హోటళ్లకు ఎక్కక ముందు అక్కడి వాళ్ల పొయ్యి మీదే ఉడికింది.

గోదావరి మీద పాపికొండల విహారం మరో దారి. ఆ కొండల్లో 1,012 చదరపు కిలోమీటర్లు 2008లో జాతీయ పార్కు అయింది. ఒకప్పుడు కొల్లూరు దగ్గర ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి బస పెద్ద ఆకర్షణ. పోలవరం నీళ్లు వెనక్కి తన్నే కొద్దీ ఆ ఒడ్డుల రూపమే మారిపోతోంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు. ఇచ్చిన జాకెట్‌ను ఫొటో దిగాక విప్పేయవద్దు.

సంచిలో పెట్టుకోవాల్సినవి: దోమతెర, టార్చి, నీళ్ల సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, అటుకులు, వేరుశనగ పప్పు, బెల్లం. ఏజెన్సీలో మలేరియా బెడద ఉంది కాబట్టి దోమతెర మరిచిపోవద్దు. చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి కూడా.

ఇంటివాళ్లను పలకరించకుండా ఎలా?

మనం సరదాకు వెళ్లే అడవి కొందరికి ఇల్లు. ఇప్పపూల కాలంలో కోయ ఆడవాళ్లు తెల్లవారుజామున గంపలు పట్టుకుని చెట్ల కిందకు వెళతారు. అదే చెట్టు కిందకు, అదే పూలకోసం ఎలుగూ వస్తుంది. ఎండలు ముదిరాక తునికాకు కోత. ఆ కొద్ది వారాల కూలి చాలా ఇళ్లకు ఏడాదిలో చేతిలో ఆడే పెద్ద మొత్తం. మనం గుడారంలో దుప్పటి కప్పుకుని పులకించిపోయే భయాన్ని వాళ్లు రోజూ నెత్తిన పెట్టుకునే బతుకుతున్నారు.

ఇక్కడ పోడు భూముల గొడవ పాతది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా తెగలేదు. ఛత్తీస్‌గఢ్‌లో హింసకు తాళలేక ఇటు వచ్చి అడవిలో తలదాచుకున్న గుత్తికోయల సంగతి దానికి తోడైంది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర మొక్కల విషయంలో మొదలైన ఘర్షణలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణాలు కోల్పోయారు. అడవిని కాపాడాల్సిన మనిషి, అడవి తప్ప దిక్కులేని మనుషులు ఎదురెదురుగా నిలబడితే ఏమవుతుందో ఆ రోజు చూశాం.

సవన్నా కథ కూడా ఇంతకన్నా తీయనిదేం కాదు. సెరెంగెటి నుంచి మసాయి పశువుల కాపరులను 1959లో ఖాళీ చేయించి గొరొంగొరో వైపు పంపారు. టీవీలో మనిషి జాడలేని ఆ మైదానం వెనక ఉన్న సంగతి అది. తర్వాత వేరే దారులూ వెతికారు. మసాయి మారా పక్కనే కొన్ని చోట్ల మసాయిలు తమ భూములను జంతువుల కోసం వదిలితే, పర్యాటక సంస్థలు వారికి కౌలు చెల్లిస్తున్నాయి. సింహం బతికితే తనకూ ఆదాయముంటుందని తెలిసిన కాపరి, ఆవును చంపిందన్న కోపంలో విషం పెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాడు.

కిన్నెరసానికీ ఆ ఆలోచన పనికొస్తుందని నా నమ్మకం. రేపు అడవి అంచున క్యాంపులు పెట్టాలనుకుంటే వాటిని పట్నం గుత్తేదార్లకు రాసివ్వకుండా, ఆ అంచున ఉన్న గూడేలకే అప్పగించాలి. దారి చూపేది అక్కడి కుర్రాడు కావాలి. వండిపెట్టేది అక్కడి అక్క కావాలి. టిక్కెట్టు డబ్బులో వాళ్ల వాటా ఎంతో బోర్డు మీద రాసి పెట్టాలి. అడుగుజాడ చూసి ఎలుగు ఎటు పోయిందో చెప్పగలిగే చదువు మన దగ్గర ఏ డిగ్రీకీ లేదు. ఆ చదువుకు ఇన్నాళ్లూ జీతం కట్టలేదు మనం.

అంతవరకూ మనం చెయ్యగలిగిందీ ఉంది. వెళ్లినప్పుడు స్థానిక గైడు కోసం అడగండి. 'తమ్ముడూ' అని పిలిచి, అతను అడిగింది బేరం ఆడకుండా ఇవ్వండి. దుప్పి కనబడలేదని అతని మీద విసుక్కోవద్దు. దానికి మన సెలవుల పట్టిక తెలియదు. పిల్లల చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి చూసిన ఆకులు, విన్న కూతలు, ఇసుకలో గుర్తులు గీయమనండి. వాటి పేర్లు ఆ తమ్ముడినే అడిగి రాయమనండి. కోయ మాటలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు. పేజీ నిండితే ప్రయాణం గిట్టుబాటయినట్టే.