పెరటి ముచ్చట్లు: అరువిచ్చిన రంపం



దసరా దగ్గర పడుతోంది. ఆకులు రంగు మారుతున్నాయి. యింకో రెండు మూడు వారాల్లో మన మిషిగన్ వాసుల గరాజుల్లోంచి రంపాలూ, బ్లోయర్లూ బయటికి వస్తాయి. అందుకని యీ నెల చెట్లు కోసే యంత్రాల సంగతి ముచ్చటిద్దామనుకున్నాం. ముచ్చట అన్నామే గాని, యిందులో కొంత తప్పు ఒప్పుకోవటం కూడా వుంది.

2023 ఫిబ్రవరి 22న కురిసిన మంచు వాన మీలో చాలా మందికి గుర్తుండే వుంటుంది. ప్రతి కొమ్మకూ గాజు తొడుగు వేసినట్టయింది. చూడటానికి ఎంత బాగుందో, రాత్రి ఒక్కొక్క కొమ్మా ఫెళ్ళున విరిగి పడుతూంటే అంత భయమేసింది. ఆగ్నేయ మిషిగన్‌లో లక్షల యిళ్ళకు కరెంటు పోయింది. మా గరాజులో ఎప్పుడో సగం ధరకు కొన్న పాత చెయిన్‌సా ఒకటి వుండేది. దానితో మా వాకిట్లో పడ్డ కొమ్మలు ఎలాగో కోసి పక్కకు లాగాం.

మర్నాడు వెనక వీధిలో వుండే మిత్రుడొకాయన వచ్చాడు. మాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడు, యింజనీరు. "అన్నయ్యగారూ, చెట్టు డ్రైవ్‌వేకి అడ్డంగా పడింది. రంపం ఓ పూట యిస్తారా?" అన్నాడు. మన వాళ్ళల్లో అడిగితే కాదనే అలవాటు ఎక్కడిది? యిచ్చేశాం. "జాగ్రత్తగా వుండవయ్యా" అని కూడా అన్నాం.

ఆ రంపానికి రెండు జబ్బులున్న సంగతి మాకు తెలుసు. ఒకటి, పళ్ళు మొద్దుబారాయి. రెండోది, మీట వదిలేసినా, యింజన్ వూరికే తిరుగుతున్నప్పుడు కూడా గొలుసు మెల్లిగా కదులుతూనే వుండేది. తర్వాత చూద్దాంలే అనుకుని వూరుకున్నాం. మిత్రుడికి యీ రెండు ముక్కలూ చెప్పలేదు.

సాయంత్రం వాళ్ళావిడ దగ్గర్నుంచి ఫోను. మేం వెళ్ళేసరికి ఆయన వంటింటి నేల మీద, గోడకు చేరగిలబడి వున్నాడు. ఎడమ మోకాలికి జానెడు పైన గాయం. మొద్దు రంపం గనక బలం పెట్టి నొక్కాడట. మొద్దు ఒక్కసారిగా తెగింది. రంపం కిందికి దిగింది. మీట వదిలాడు గాని గొలుసు ఆగలేదు. అదృష్టవశాత్తు పెద్ద రక్తనాళమేదీ తెగలేదు. శుభ్రమైన తువ్వాలుతో గట్టిగా అదిమిపెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. చెయిన్‌సా గాయం కత్తి గాయంలా వుండదు. రెండు అంచుల మధ్య కొంత మాంసాన్ని దువ్వి పారేస్తుంది. జీన్స్ దారాలూ, చెక్క పొట్టూ, నూనే గాయంలోకి ఎక్కిస్తుంది. అవన్నీ కడిగి, కండరాన్ని పొరలుగా కుట్టి, టెటనస్ ఇంజెక్షన్ యిచ్చి పంపారు. ఆరు వారాలు కర్ర పట్టుకుని నడిచాడు.

పది రోజుల తర్వాత వాళ్ళావిడ వచ్చి రంపం తిరిగి యిచ్చింది. గుడ్డతో శుభ్రంగా తుడిచి, పెట్రోలు నింపి తెచ్చింది. పైగా ఓ డబ్బాలో అరిసెలు. "యివ్వటం ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ" అంది. ఆ మాటకు మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జబ్బు తెలిసి కూడా చెప్పని వైద్యుణ్ణి ఏమంటారో మనకందరికీ తెలుసు.

ఆ ఆదివారం మాన్యువలు ముందేసుకుని కూచున్నాం. రెండో జబ్బుకు మందు ఏమిటో తెలుసా? యింజన్ పక్కనున్న ఐడిల్ స్పీడు స్క్రూను అపసవ్యంగా కొద్దిగా తిప్పటం. గొలుసు ఆగిపోయింది. అరనిమిషం పని. అలా తిప్పినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగులు అరిగాయన్నమాట, అప్పుడు షాపుకు తీసుకుపోవాలి. ఆ అరనిమిషం మేం ముందే ఖర్చు పెట్టి వుంటే ఆయన ఆరు వారాలు మిగిలేవి.

మొదటి జబ్బు సంగతి. రంపం పదునుగా వుందో లేదో అది రాల్చే పొట్టు చెబుతుంది. పేళ్ళు పేళ్ళుగా రాలితే పదును వున్నట్టు. పిండిలా రాలితే పదును పోయినట్టు. పదునున్న రంపం తన బరువుతో తానే దిగుతుంది. మనం నొక్కవలసి వచ్చిందంటే ఆపి ఆకురాయి తియ్యాలి. ఆకురాయి గుండ్రటిది. గొలుసును బట్టి 5/32, 3/16, 7/32 అంగుళాల సైజుల్లో దొరుకుతుంది. ప్రతి పంటికీ ఒకే కోణంలో, అన్నిటికీ అన్నే రుద్దులు, లోపలి నుంచి బయటికే. పంటి ముందు చిన్న మెట్టు ఒకటి వుంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. దాన్ని ఎక్కువ అరగదీస్తే రంపం కరిచినట్టు లాగుతుంది.

గొలుసు బిగువు యింజన్ చల్లగా వున్నప్పుడు చూడాలి. బారుకు ఆనుకుని వుండాలి, చేత్తో లాగితే సాఫీగా జరగాలి. వేడి మీద సాగిన గొలుసును బిగించి అలా వదిలేస్తే, చల్లారాక కుంచించుకుపోయి బారును పట్టేస్తుంది. బారును కూడా అప్పుడప్పుడు తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి. నూనె వచ్చే చిన్న రంధ్రంలో పొట్టు కూరుకుపోతుంది, పుల్లతో తియ్యండి. గాలి ఫిల్టరు దులపండి. ముక్కు దిబ్బడేస్తే మనం మాత్రం మెట్లు ఎక్కగలమా?

యిక ఆహారం. యిది టూ స్ట్రోక్ యింజన్. పెట్రోల్లోనే నూనె కలపాలి. చాలా రంపాలకు 50 పాళ్ళకు 1 పాలు, అంటే గాలనుకు 2.6 ఔన్సులు. మామూలు పెట్రోలు పోస్తే పిస్టను కాలిపోతుంది. మన బంకుల్లో దొరికే పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ వుంటుంది. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, నిలవ వుంటే కార్బురేటరును పాడుచేస్తుంది. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడకండి. డబ్బా మీద తేదీ రాయండి. శీతాకాలం మూల పెట్టేటప్పుడు టాంకు ఖాళీ చేసి, యింజన్ ఆగిపోయేదాకా నడపండి. బేటరీ రంపాలకు యీ బాధలు లేవు. అయితే గొలుసు మాత్రం అదే గొలుసు. దాన్ని ముట్టుకునే ముందు బేటరీ బయటికి తియ్యాలి.

ముందున్న చేతి కవచం వుత్త కవచం కాదు, బ్రేకు కూడా. రంపం నేల మీద పెట్టి, నడుస్తూండగా ఎడమ మణికట్టుతో ముందుకు తోస్తే గొలుసు తక్షణం ఆగాలి. ఆగకపోతే ఆ పూట రంపం పక్కన పెట్టెయ్యండి. బారు కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం మన మొహం మీదికి ఎగురుతుంది. అప్పుడు మనకూ దానికీ మధ్య వుండేది ఆ బ్రేకొక్కటే. జోరు మీదున్న గొలుసు గంటకు సుమారు 60 మైళ్ళ వేగంతో పరిగెడుతుంది.

యిక్కడ మా వృత్తికి సంబంధించిన వింత ఒకటి చెప్పాలి. గొలుసు రంపాన్ని మొదట వాడింది చెట్లు కొట్టేవాళ్ళు కాదు, డాక్టర్లు! 18వ శతాబ్దం చివర స్కాట్లండులో జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అనే యిద్దరు వైద్యులు చేత్తో లాగే చిన్న గొలుసు రంపాన్ని వాడారు. కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల కీలును కోసేందుకు ఒకరు, రోగం పట్టిన ఎముకను తీసేందుకు ఒకరు. 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనే పిడి తిప్పితే తిరిగే ఎముక రంపం చేశాడు. ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచే చెట్ల రంపానికి పేటెంటు తీసుకున్నది 1926లో. 1946లో ఆరెగన్‌లో జోసెఫ్ కాక్స్ అనే ఆయన, మొద్దును తొలిచే పురుగు తన దవడలతో ఎడమకూ కుడికీ కొరకటం చూసి యిప్పటి గొలుసు పళ్ళకు రూపం కనిపెట్టాడు. మా వాళ్ళు ఎముక కోసం చేసిన పనిముట్టు, మళ్ళీ ఎముకల దాకా వచ్చి మా దగ్గరికే చేరుతోంది.

పురుగంటే గుర్తొచ్చింది. యాష్ చెట్లను తినేసే పచ్చ పురుగు, ఎమరాల్డ్ యాష్ బోరర్, యీ దేశంలో మొదట బయటపడింది 2002లో మన డిట్రాయిట్ దగ్గరే. బెరడు కింద సొరంగాలు తవ్వి, చెట్టుకు నీరూ ఆహారమూ అందకుండా చేస్తుంది. కోట్ల చెట్లు పోయాయి. మా పెరట్లోదీ పోయింది. చచ్చిన యాష్ త్వరగా పెళుసెక్కుతుంది. అనుభవమున్నవాళ్ళు దాని మీదికి ఎక్కరు. రంపం చేతిలో వున్నా మేం దాని జోలికి పోలేదు, కంపెనీ వాళ్ళను పిలిచాం. పిలిచేముందు వాళ్ళ ఇన్సూరెన్సు కాగితం అడిగి చూశాం. మీరూ అడగండి, మొహమాటపడకండి.

బుట్ట వున్న బకెట్ ట్రక్కూ, వెనకాల చిప్పరూ వచ్చాయి. చెట్టు ముట్టుకోకుండా యిరవై నిమిషాలు వాళ్ళు ఏం చేశారో కాఫీ తాగుతూ కిటికీలోంచి చూశాం. ఒకతను ట్రక్కు చుట్టూ తిరిగి, కిందికి వంగి, నూనె చుక్కల కోసం చూశాడు. చక్రాలకు అడ్డాలు వేశాడు. ట్రక్కు కాళ్ళ కింద మందపాటి పలకలు పరిచాడు. కింద వుండి నడిపే మీటతో బుట్టను పైకీ కిందికీ ఆడించి చూశాకే, తోటివాడు నడుముకు పట్టీ కట్టుకుని బుట్టలోకి ఎక్కాడు. మా కరెంటు తీగ ఎంత దూరంలో వుందో కళ్ళతోనే కొలిచారు. కరెంటు పనిలో శిక్షణ లేనివాళ్ళు మామూలు వీధి లైన్లకు కనీసం 10 అడుగులు దూరం వుండాలి. అంతకన్నా దగ్గరైతే కరెంటు కంపెనీని పిలవవలసిందే.

పెద్దాయన ఒక అట్టముక్క తీసుకుని హైడ్రాలిక్ గొట్టాల పొడుగునా జరిపాడు. ఎందుకని అడిగితే, కారుతోందేమో చూడటానికి, చేత్తో ఎన్నడూ తడమకూడదు అన్నాడు. ఆ మాటకు ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది. సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మే ఆ నూనె చర్మాన్ని తొలుచుకుని వేల్లోకి పోతుంది. పైకి చీమ కుట్టినంత చుక్క. నొప్పి కూడా మొదట అంతగా వుండదు. కొన్ని గంటల్లో వేలు వుబ్బి నల్లబడుతుంది. అది వెంటనే ఆపరేషను చెయ్యవలసిన గాయం, యింటి దగ్గర అయింటుమెంటు రాసేది కాదు. మంచు తోసే బాబ్‌కాట్లూ, కట్టెలు చీల్చే యంత్రాలూ అద్దెకు తెచ్చే మిత్రులు యిది గుర్తు పెట్టుకోండి.

చిప్పరు కత్తులు మొద్దుబారితే పేళ్ళకు బదులు నారలాంటి పీచు వస్తుందట. అప్పుడు కత్తుల్ని తిప్పి బిగిస్తారు, లేదా సాన పట్టిస్తారు. తాళంచెవి తీసి జేబులో వేసుకుని, లోపలి చక్రం పూర్తిగా ఆగాకే మూత విప్పుతారు. యింజన్ ఆపినా ఆ చక్రం చాలాసేపు తిరుగుతూనే వుంటుంది. కొమ్మను మొదలు వైపు నుంచి యిచ్చి, పక్కకు తప్పుకుంటారు. కాలితో తొయ్యరు.

ఆ పెద్దాయన చేతులు చూశాం. చలిలో మూడు వేళ్ళ కొసలు సున్నంలా తెల్లబడతాయని చెప్పాడు. అదురే యంత్రాలతో ఏళ్ళ తరబడి పనిచేస్తే వచ్చే జబ్బు యిది. 1918లోనే ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు ఇండియానాలో రాళ్ళు చెక్కే పనివాళ్ళలో దీన్ని పరిశీలించారు. యిప్పటి రంపాల పిడులకు అదురు ఆపే రబ్బర్లో స్ప్రింగులో వుంటాయి. అవి పగిలితే మార్చటం కూడా వైద్యమే.

యింట్లో వుంచుకోవలసినవి: చాప్స్ అనే తొడ తొడుగులు (వాటి దారాలు గొలుసుకు చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి), చెవులకు మఫ్లు, కళ్ళద్దాలు, ఒక టూర్నికే. అదిమినా ఆగని రక్తానికి, గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన టైము రాయండి. 911కు ఫోను చెయ్యండి. వేలు తెగిపడితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, ఆ సంచీని ఐసు మీద వుంచండి. వేలిని సూటిగా ఐసులో పెట్టకూడదు.

దసరాకు మన వాళ్ళు కార్లకూ, లాన్‌మూవర్లకూ బొట్టు పెడతారు. చాలా మంచిది. బొట్టు పెట్టే ముందు ఫిల్టరు దులిపి, గొలుసు చూసి, బ్రేకు తోసి చూడండి. పాండవులు జమ్మి మీద దాచిన ఆయుధాల్ని ఏడాది తర్వాత దించారు. మన రంపాలూ ఏడాదికోసారే దిగుతాయి, మరి మనకు ఆ పాటి శ్రద్ధ వుండొద్దూ?

మా మిత్రుడు యీ వేసవిలో మళ్ళీ రంపం అడిగాడు. యిద్దరం వాకిట్లో నిలబడి స్టార్టు చేశాం. మీట వదిలాం, గొలుసు ఆగింది. బ్రేకు తోశాం, ఆగింది. చాప్స్ కూడా చేతికిచ్చాం. ఆయన వాటిని కట్టుకుంటూ, "అప్పుడే చెప్పొచ్చు కదా అన్నయ్యగారూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేం నవ్వలేకపోయాం.