పేరాలో లేని జవాబు: పఠనావగాహన అభ్యాసాలపై విమర్శ

పాఠశాల తెలుగు బోధనలో ‘అపరిచిత గద్యం’ పేరిట జరుగుతున్న అభ్యాసాన్ని అవగాహన అనడం పొరపాటు. అది వెతుకులాట. పేరా కింది ప్రశ్నల్లో అధికభాగం ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అనేవాటి చుట్టూనే తిరుగుతాయి. ప్రశ్నలోని పదాన్ని పేరాలో గుర్తుపట్టి, అది ఉన్న వాక్యాన్ని ఎత్తి రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు దక్కుతాయి. వాక్యార్థం తెలియకపోయినా దక్కుతాయి. తెలంగాణ పాఠ్యపుస్తకాలు ‘అవగాహన – ప్రతిస్పందన’ శీర్షిక కింద పేరాను చదివి ప్రశ్నలు తయారుచేయమని కూడా అడుగుతాయి. ఉద్దేశం మంచిదే. ఐతే గైడ్లకు అలవాటుపడిన పిల్లలు తయారుచేసే ప్రశ్నలూ ఆ ఎవరు, ఎక్కడలే.

ఇది పాఠశాల సమస్య, విశ్వవిద్యాలయ తెలుగు శాఖలకు దీనితో పనిలేదు అన్న వైఖరి అంతకంటే పెద్ద పొరపాటు. డిగ్రీ ప్రశ్నపత్రంలోని సందర్భసహిత వ్యాఖ్య ఏం అడుగుతున్నది? ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో. స్థాయి మారింది గాని ప్రశ్న మారలేదు. ఆ చదువు చదివినవారే బడికి వెళ్లి పేరాల కింద ప్రశ్నలు రాస్తున్నారు.

2016 అక్టోబరులో ఏర్పడిన వికారాబాద్ జిల్లా, అందులో కర్ణాటక సరిహద్దున ఉన్న తాండూరు ఈ చర్చకు తగిన క్షేత్రాలు. తెలుగుతోపాటు కన్నడం, దక్కనీ ఉర్దూ, లంబాడీ ఇంటిభాషలుగా ఉన్న ప్రాంతమిది. ‘వీళ్లకు భాషే సరిగా రాదు, ఇక చెప్పనిది గ్రహించడం ఎక్కడ’ అన్న తీర్పు ఇలాంటి ప్రాంతాల పిల్లలపై సులభంగా వెలువడుతుంది. ఆ తీర్పును పరీక్షించడానికి నాపరాతి గనుల నేపథ్యంలో కల్పించిన మూడు వాక్యాలు చాలు:

మల్లేశం గని నుంచి వచ్చి గడప బయటే చొక్కా విప్పి దులిపాడు. లక్ష్మి దగ్గుతున్న పిల్లవాణ్ని ఎత్తుకొని పెరట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి వాకిట్లో బకెట్టు ఖాళీగా ఉంది.

మల్లేశం ఎక్కడి నుంచి వచ్చాడన్నది వెతుకులాట ప్రశ్న. లక్ష్మి పెరట్లోకి ఎందుకు వెళ్లిందన్నదానికి జవాబు పేరాలో లేదు. దుమ్ము అన్న మాటే అందులో లేదు. దులపడం, దగ్గు, గని అనే మూడింటిని కలిపితేగాని అది తేలదు. రాతిపొడి అంటే ఏమిటో ఇంట్లోనే చూసిన పిల్లవాడికి ఈ కలపడం కష్టం కాదు. ‘లక్ష్మికి మల్లేశంపై కోపం వచ్చింది’ అని మరొకరు రాయవచ్చు. అది తప్పని జవాబుల పట్టిక చెబుతుంది. ఎందుకు తప్పో చెప్పదు. లక్ష్మి మల్లేశం భార్య అని కూడా పేరాలో ఎక్కడా లేదు. చదివినవారిలో ఎక్కువమంది అలాగే అనుకుంటారు. చెల్లెలైనా, వదినైనా వాక్యాలు చెడవు. ఆ అనుకోవడం దేనిమీద నిలిచిందో అడగడమే అసలైన అభ్యాసం.

ఈ అడగడానికి కావలసిన పరిభాష తెలుగు శాఖలకు కొత్తది కాదు. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మహిమభట్టు వ్యక్తివివేకంలో ఆనందవర్ధనుడి ధ్వనిని అనుమానంలోనే చేర్చడానికి పూనుకున్నాడు. మమ్మటుడు కావ్యప్రకాశ పంచమోల్లాసంలో దానిని ఖండించాడు. గోదావరి తీరాన సింహం ఉందని చెప్పి, పిరికివాడైన ధార్మికుణ్ని అటు రాకుండా చేసే ప్రాకృతగాథ అక్కడ వివాదాంశం. భయస్తుడైనా గురువు ఆజ్ఞవల్లనో ప్రియురాలిపై అనురాగంవల్లనో భయమున్న చోటికి వెళ్లవచ్చు. కనుక హేతువు అనైకాంతికమని మమ్మటుడి వాదం. సింహం ఉందన్నది ఒకరి మాటవల్ల తెలిసిందే తప్ప నిశ్చితం కాదు. కనుక అసిద్ధం కూడా. లక్ష్మి కోపం విషయంలో విద్యార్థికి చెప్పవలసింది సరిగ్గా ఇదే: పిల్లవాణ్ని ఎత్తుకొని వెళ్లడం కోపం లేకపోయినా జరుగుతుంది. అలంకారశాస్త్ర చరిత్రలో మమ్మటుడి పక్షమే నిలిచింది. తరగతిగదికి మాత్రం హేతువు చూపమనే మహిమభట్టు కూడా కావాలి. హేత్వాభాసాల లక్షణాలను ఎం.ఏ.లో కంఠస్థం చేయించి, ఒక్క పేరాకైనా వాటిని అన్వయింపజేయకపోవడం శాస్త్రగౌరవం అనిపించుకోదు.

దీనికి బలమైన ప్రతివాదం ఒకటుంది. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ చేసిన అధ్యయనంలో, బేస్‌బాల్ తెలిసిన బలహీన పాఠకులు, ఆట తెలియని మంచి పాఠకులకంటే ఆ ఆటను గురించిన గద్యాన్ని బాగా గ్రహించారు. విషయజ్ఞానమే ముఖ్యమని, అనుమాన అభ్యాసం వృథా అని దీనినుంచి కొందరు తేలుస్తారు. మొదటి సగం ఒప్పుకోవలసిందే. గని తెలిసిన పిల్లవాడి ఉదాహరణ కూడా అదే చెబుతున్నది. రెండో సగం నిలవదు. అదే ఏడాది యుయిల్, ఓక్‌హిల్ ప్రచురించిన పరిశోధనలో, అనుమాన శిక్షణ పొందిన బలహీన పాఠకులు, వేగంగా చదవడం మాత్రమే అభ్యసించినవారికంటే అవగాహనలో ముందుకు వెళ్లారు.

పైగా ఈ వాదాలు రెండూ ఇంగ్లీషు గద్యం మీద పుట్టినవి. తెలుగులో చెప్పని అర్థాన్ని మోసే భారం చాలావరకు చిన్న ప్రత్యయాలది, అవ్యయాలది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందినే ఉదాహరణగా తీసుకోవచ్చు. ‘ఈ ఏడు కంది కూడా పోయింది’ అంటే అంతకుముందే మరేదో పోయింది. ‘కంది మాత్రం మిగిలింది’ అంటే తక్కినవి మిగలలేదు. ‘కందైనా మిగిలింది’ అంటే అదీ తెలుస్తుంది, చెప్పినవారి ఊరటా తెలుస్తుంది. ‘కంది పోయిందట’ అంటే చెప్పినవారు చేను చూడలేదు. వీటిని గ్రహించడానికి వ్యవసాయం తెలియనక్కరలేదు, వాక్యం తెలిస్తే చాలు. ఈ ‘అట’కు పల్లెల్లో వినిపించే ‘అంట’ రూపం ఉంది. కన్నడంలో ‘అంతె’ ఉంది. విన్నదానికీ కన్నదానికీ ఉన్న తేడాను తాండూరు కన్నడ బాలుడు ఇంట్లోనే నేర్చుకొని బడికి వస్తున్నాడు. భాష రాదని అతనిపై తీర్పు చెప్పేవారు అతనికి వచ్చినదేమిటో అడగలేదు. ఇంగ్లీషు నమూనాలను అనుసరించి తయారయ్యే అభ్యాసపత్రాలు అడగలేవు కూడా. ఆ ప్రత్యయాలు వాటి నమూనాల్లోనే లేవు.

ఒకే ప్రశ్నకు పలు జవాబులు వస్తే మూల్యాంకనం అసాధ్యమన్న అభ్యంతరం మిగిలింది. జవాబుకు ఒక మార్కు, దానిని నిలబెట్టే మాటను పేరాలోంచి చూపినందుకు మరో మార్కు కేటాయిస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. లక్ష్మి చెల్లెలని రాసినవాడు ఎత్తుకోవడాన్ని ఆధారంగా చూపితే, భార్య అని రాసినవాడి ఆధారమూ అదే కనుక ఇద్దరికీ ఆ రెండో మార్కు ఇవ్వకూడదు. ‘పేరాను బట్టి తేల్చలేం’ అని రాసినవాడికి రెండూ ఇవ్వాలి. ఆ జవాబుకు చోటున్న తెలుగు ప్రశ్నపత్రం, బడిలోనైనా విశ్వవిద్యాలయంలోనైనా, అరుదు.